రాధామనోహరానికి రాత్రి కావాలి

"తాతా, ఒక్క తీగకు మూడు రంగుల అంట్లు కట్టించిన్రా?"

ఎదురింటి పాప అడిగిన ప్రశ్న ఇది. పటేల్‌గూడలో మా గేటు మీదికి పాకిన రాధామనోహరం కింద నిలబడి, ఒకే గుత్తిలో ఉన్న తెల్లపువ్వునూ గులాబీరంగు పువ్వునూ ఎర్రపువ్వునూ వేలితో చూపిస్తూ అడిగింది. ఏళ్ల తరబడి జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పినవాణ్ణి కనుక జవాబు నోటిదాకా వచ్చింది. ఆపుకుని, లోపలికెళ్లి కుట్టుమిషను డబ్బాలోంచి నల్లదారం తెచ్చాను. ఆ సాయంత్రం విచ్చబోతున్న మొగ్గలు ఐదింటికి పాపచేతే వదులుగా దారం కట్టించి, రేపు పొద్దున ఒకసారి, ఎల్లుండి ఒకసారి వచ్చి చూడమన్నాను.

చీకటి పడేసరికి ఐదూ తెల్లగా విచ్చుకున్నాయి. మరునాడు బడికి పోయేముందు పాప వచ్చి చూస్తే రేకుల మీద గులాబీ జీర కనబడింది. బడి నుంచి వచ్చేసరికి నిండు గులాబీ. మూడోనాటికి ఎరుపు. దారం అదే, పువ్వు అదే. అంటు కట్టలేదని తనకు తనే తేల్చుకుంది. నేను చెప్పని సంగతి ఇంకొకటి కూడా పట్టుకుంది: "నిన్న ఇది ముంగటికి చూసింది తాతా, ఇయ్యాల కిందికి చూస్తుంది." తెల్లగా ఉన్నప్పుడు పువ్వు ముఖం ఎదురుగా ఉంటుంది. రంగు మారేకొద్దీ మెడ వాల్చి వేలాడుతుంది. ఐసికోవిచ్, రోటెమ్ అనే ఇద్దరు పరిశోధకులు 1987లో ఈ తీగ మీద రాసిన వ్యాసానికి మూలాధారం సరిగ్గా ఈ రెండు మార్పులే, రంగూ ముఖమూ. ఎనిమిదేళ్ల పిల్ల దారపు ముక్కతో అక్కడిదాకా వెళ్లింది.

ఈ ఎరుపు ఎక్కడిదో కాదు, నేరేడుపండు నాలుకకు అంటించే రంగుదీ, వంకాయ తోలుదీ, ఎర్రగోంగూర కాడదీ ఒకటే కుటుంబం. ఆంథోసయనిన్లు అంటారు. రేకు విచ్చుకునేటప్పుడు అవి అందులో లేవు. విచ్చుకున్నాక, సూర్యుడు వచ్చాక, కణాలు వాటిని కొత్తగా తయారుచేస్తాయి. రేపో ఎల్లుండో రాలిపోయే పువ్వు మీద మొక్క ఇంత ఖర్చు ఎందుకు పెడుతోంది? పని అయిపోయిన పువ్వును మల్లె రాల్చేసినట్టు రాల్చేయవచ్చుగా? ఈ అధ్యాయమంతా ఒక విధంగా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

పువ్వును చేతిలోకి తీసుకుంటే మొదటి మోసం కాడ దగ్గరే. మనం కాడ అనుకుని దండ గుచ్చే ఆ సన్నని పొడుగు భాగం కాడ కాదు, గొట్టం. రక్షకపత్రాలు కలిసిపోయి ఐదు నుంచి ఎనిమిది సెంటీమీటర్ల పైపులా సాగాయి. అసలు అండాశయం ఆ పైపుకు అడుగున చిన్న ఉబ్బులా ఉంటుంది. మకరందం ఈ గొట్టంలోనే ఉంటుంది. పైన ఐదు రేకులు, పది కేసరాలు. లోపలి తీపి కావాలంటే అంత సన్నని దారిలో దూరే నాలుక కావాలి. అలాంటి నాలుకలు లోకంలో కొందరికే ఉన్నాయి. వాళ్లు రాత్రిపూట తిరుగుతారు.

ఈ తీగకు పాశ్చాత్య వృక్షశాస్త్రంలో మొదట దక్కిన పేరే ఒక ప్రశ్న. గియోర్గ్ రంఫియస్ 1627లో పుట్టిన జర్మన్. డచ్ ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా ఇప్పటి ఇండోనేషియాలోని అంబోన్ దీవికి వెళ్లి అక్కడే ఉండిపోయాడు. ఆ దీవుల మొక్కలన్నిటినీ వర్ణించే మహాగ్రంథం మొదలుపెట్టాడు. 1670లో చూపు పోయింది. 1674 భూకంపంలో భార్య, ఒక కూతురు చనిపోయారు. 1687 అగ్నిప్రమాదంలో బొమ్మలు కాలిపోయాయి. మళ్లీ చెప్పి రాయించి, మళ్లీ గీయించి, ఓడలో యూరప్‌కు పంపితే 1692లో ఆ ఓడ సముద్రం పాలైంది. అదృష్టం కొద్దీ నకలు ఒకటి మిగిలింది. 1702లో ఆయన పోయిన దాదాపు నాలుగు దశాబ్దాలకు, 1741 నుంచి పుస్తకం అచ్చయింది. మలయా వాళ్లు ఈ తీగను ఉదానీ అనేవారు. ఆ మాట డచ్చివారి చెవికి 'ఎలాంటిది?' అనే తమ మాటలా వినిపించిందట. రంఫియస్ దాన్ని లాటిన్‌లోకి మార్చి 'క్విస్ క్వాలిస్' అన్నాడు: ఎవరు, ఎలాంటిది? మాటతో ఆట ఒక్కటే అయితే ఆ పేరు నిలిచేది కాదు. మొక్క స్వభావమే అలా ఉంది. మొదట పొదలా నిలబడుతుంది, తర్వాత తీగై పాకుతుంది. పువ్వేమో పూటకో రంగు. లినేయస్ 1762లో ఆ ప్రశ్ననే ప్రజాతి పేరుగా ఉంచి క్విస్‌క్వాలిస్ ఇండికా అని రాశాడు. ఇప్పుడు దాన్ని కాంబ్రీటమ్ ఇండికమ్ అంటున్నారు. శాస్త్రపరంగా అది సరైనదే కావచ్చు, నాకు మాత్రం పాత పేరు పోయిందని బాధ.

ఇంగ్లీషువాళ్లు రంగూన్ తీగ అన్నారు. మన గోదావరి, విశాఖ జిల్లాల నుంచి ఓడలెక్కి కూలికి వెళ్లినవాళ్లు 'రంగం' అన్న ఊరే ఆ రంగూన్. మన నర్సరీల్లో మధుమాలతి అంటే తొందరగా అర్థమవుతుంది. కుటుంబం అడిగితే మాత్రం మన అడవుల్లోనే దగ్గరి చుట్టాలున్నారు. కరక్కాయ, తానికాయ, తెల్లమద్ది, బడి ఆవరణల్లో పిల్లలు రాళ్లతో కొట్టుకుతినే బాదంకాయ, అన్నీ ఈ ఇంటివే. అంత పెద్ద మానుల కుటుంబంలో ఇది పాకడం నేర్చుకున్న బిడ్డ.

పాకే పద్ధతి తెలిస్తే పెంచడం సగం తెలిసినట్టే. కాకరకు నులితీగలున్నాయి. చిక్కుడు తనే మెలిపెట్టుకుంటుంది. డార్విన్ 1865లో ఎగబాకే మొక్కల మీద రాసిన సుదీర్ఘ వ్యాసంలో ఇలాంటివాటినన్నిటినీ తరగతులుగా విడదీశాడు. చివరి తరగతుల్లో కొక్కేలతో ఎక్కేవాటిని పెట్టాడు. రాధామనోహరం ఆ కోవది. ఆకు రాలినా తొడిమ అడుగుభాగం కొమ్మకే ఉండిపోయి, ఎండి, గట్టిపడి, కిందికి వంగిన ముల్లవుతుంది. రాలిన ఆకు మిగిల్చిన ఆ ముల్లే కొమ్మ జారిపోకుండా పట్టుకునే కొక్కెం. అందుకే నున్నటి పెయింటు గోడ మీద ఇది ఎక్కలేదు. జాలీయో, జీఐ తీగలో, ఇనుప పందిరో కావాలి. అందుకే కత్తిరించేటప్పుడు చేతికి తొడుగు కావాలి. అందుకే నాటిన మొదటి ఏడాది "ఇది తీగ కాదు, పొదను అంటగట్టిన్రు" అని నర్సరీవాళ్ల మీద కోపం తెచ్చుకోవద్దు. వేళ్లు కుదిరాకే పొడుగాటి రెమ్మలు విసురుతుంది. ఆ తర్వాత ఎనిమిది పది మీటర్లు దానికి లెక్కలోనిది కాదు. కరెంటు స్తంభానికీ, ఏసీ బయటి పెట్టెకూ దూరంగా నాటండి. వేళ్ల నుంచి పిలకలు లేస్తుంటాయి. వాటిని ఎప్పటికప్పుడు తీసేయకపోతే డ్రైనేజీ గుంత మీదికి కూడా పోతుంది.

ఇక మా నేల సంగతి. పటాన్‌చెరు చుట్టుపక్కల ఎర్రనేల, నల్లరేగడి పక్కపక్కనే దొరుకుతాయి. 1972లో ఇక్కడ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌ను స్థాపించినప్పుడు ఆ రెండు నేలలూ ఒకే ఆవరణలో ఉండటం పరిశోధకులకు పెద్ద సౌకర్యమైంది. పటేల్‌గూడలో నాకు దక్కింది ఎర్రది, మా వైపు చెల్క అంటారు. అడుగున్నర తవ్వితే మొరం, ఇంకొంచెం తవ్వితే గుండు. సుమారు 250 కోట్ల ఏళ్ల వయసున్న గ్రానైటు మీద ఇంత మందాన మన్ను. దాని మీద కాలనీ వేసినప్పుడు పడేసిన సిమెంటు పెళ్లలు, ఇసుక, ఇటుక ముక్కలు. ఇక నీళ్లంటే బోరు నీళ్లే. కుళాయి మూతి దగ్గర తెల్లగా ఉప్పు గట్టే నీళ్లు.

నాటిన రెండో ఏడు నా తీగకు లేత ఆకులు పసుపుపచ్చగా వచ్చాయి. ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయి. ఎరువు తక్కువైందనుకుని యూరియా వేశాను. ఆకులు పెద్దవయ్యాయి, పసుపు పోలేదు, పూలు తగ్గాయి. రసాయనశాస్త్రం చెప్పినవాడికి అక్కడే తట్టాల్సింది, తట్టడానికి ఆరు నెలలు పట్టింది. అది ఇనుము లోపం. ఎర్రమట్టికి ఎరుపునిచ్చేదే ఇనుప ఆక్సైడు, తుప్పు. వేరు చుట్టూ ఇనుమే, మొక్కకు మాత్రం ఇనుము అందదు. బోరు నీళ్లలోని బైకార్బొనేట్లు, సిమెంటు పెళ్లల సున్నం కలిసి మట్టిలో క్షారగుణం పెంచుతాయి. పీహెచ్ ఒక్క అంకె పెరిగితే నీళ్లలో కరిగే ఫెర్రిక్ ఇనుము వెయ్యోవంతుకు పడిపోతుంది. వెయ్యోవంతు అన్నమాట మళ్లీ చదవండి. ఏడు నుంచి ఎనిమిదికి మారిన మట్టి మన కంటికి ఒక్కలాగే కనిపిస్తుంది.

దీనికి వెంటనే చేయదగినది రైతులకు తెలిసినదే. లీటరు నీళ్లకు 5 గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి చల్లపూట ఆకుల మీద పిచికారీ చేయాలి, పది రోజులకు మళ్లీ ఒకసారి. మట్టిని దారిలో పెట్టేది మాత్రం నిదానమైన పని. గుంత రెండడుగుల లోతు, రెండడుగుల వెడల్పు తవ్వి, పెళ్లలన్నీ ఏరేసి, మాగిన పేడ ఎరువు, ఆకుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలిపిన మట్టితో నింపాలి. ఎండిన ఆకులతో మొదలు కప్పాలి. కుళ్లే ఆకుల్లో పుట్టే ఆమ్లాలు ఇనుమును పట్టుకుని వేరుకు అందిస్తాయి. మిద్దె మీద పడే వాన నీళ్లను డ్రమ్ముల్లో పట్టి పోయగలిగితే అంతకు మించిన మందు లేదు. చాలామంది ఆర్‌ఓ మిషను పక్కగొట్టంలోంచి కారే నీళ్లు వృథా ఎందుకని మొక్కలకు పోస్తుంటారు. వాళ్ల మనసు మంచిదే, కానీ ఆ నీళ్లలో ఉన్నది వడకట్టి తీసేసిన ఉప్పంతా. బోరు నీళ్లకంటే అవి మొక్కకు ఎక్కువ హాని చేస్తాయి. వాటితో వాకిలి కడుక్కోండి.

నీళ్లు ఎంత అంటే, మొదటి ఎండాకాలం రోజు విడిచి రోజు రెండు బిందెలు. కుదిరిన తీగకు అంత అక్కరలేదు, వారానికి రెండుసార్లు లోతుగా పోస్తే నిలబడుతుంది. ఎండ మాత్రం పూర్తిగా కావాలి. రోజుకు ఐదారు గంటలు సూర్యుడు తగలని చోట ఇది బతుకుతుంది, పూయదు. కొత్త మొక్క కావాలంటే వానలు పడ్డాక పెన్సిలంత లావున్న, మరీ లేతదీ మరీ ముదురుదీ కాని కొమ్మను జానెడు కోసి గుచ్చితే చాలు. పిండినల్లి, పేనుబంక వస్తే ముందు నీళ్ల ధారతో కొట్టండి, తగ్గకపోతే వేపనూనె. రసాయన మందులు వద్దంటాను. ఎందుకో వెనక చెబుతాను.

చలికాలం గురించి ఒకమాట. పటాన్‌చెరు చలి నగరంలోని చలి కాదు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో పది డిగ్రీల లోపు పడిపోవడం ఇక్కడ మామూలే. ఉష్ణమండలపు తీగ దానికి ఆకులు రాల్చి ముడుచుకుంటుంది. మా వీధిలో మొక్కల పని చేసే ఆయన ఒక జనవరిలో పార పట్టుకుని వచ్చి, "సారూ, గీ తీగ సచ్చింది. పీకేస్త" అన్నాడు. బొటనవేలి గోరుతో కొమ్మ మీద కొంచెం గీకమన్నాను. తోలు కింద పచ్చగా కనబడింది. "ఇంక పానం ఉన్నది సారూ" అని పార పక్కన పెట్టాడు. ఫిబ్రవరిలో ఆ తీగనే మూడోవంతు కత్తిరించాం. ఆ ఏడాది మొలిచిన రెమ్మల చివరనే ఇది పూస్తుంది. పాత కొమ్మ పందిరికి పనికొస్తుంది కానీ పువ్వు ఇవ్వదు. కత్తెరకు జాలిపడితే వచ్చేది ఆకుల గోడే.

ఇంతవరకు చెప్పింది తీగను పెంచడం. నేను ఈ అధ్యాయం రాయడానికి కారణం ఇది కాదు. మట్టి, నీరు, కత్తిరింపు అన్నీ సరిగ్గా కుదిరినా ఆ పువ్వు ఎందుకు పూసిందో ఆ పని జరగకపోవచ్చు. ఆ పని రాత్రి జరుగుతుంది.

2016లో చైనా నైరుతి ప్రాంతంలో ఈ తీగను గమనించిన పరిశోధకుల ఫలితాలు వచ్చాయి. పువ్వు విచ్చుకున్న సాయంత్రం నుంచి మరునాటి పొద్దుటిదాకా మకరందం ఊరుతూనే ఉంటుంది. రంగు మారేకొద్దీ అది తగ్గుతుంది. వాసన కూడా తెలుపులో ఎక్కువ, ఎరుపుకు వచ్చేసరికి మందగిస్తుంది. రాత్రి వచ్చేవి ఎక్కువగా చిమ్మటలు, అంటే సీతాకోకచిలుకలకు రాత్రి చుట్టాలు. పగలు వచ్చేవి తేనెటీగలు, సీతాకోకచిలుకలు. కాయ ఎక్కువగా కట్టింది తెల్లదశలో అతిథి వచ్చిన పువ్వులకు. అంటే తెలుపు చిమ్మటకు రాసిన ఉత్తరం, చీకట్లో కనబడే రంగు. గులాబీ, ఎరుపు పగటివాళ్లకు. పైగా మూడు రంగులూ గుత్తిలో ఉంటే దూరం నుంచి గుత్తి పెద్దగా కనబడుతుంది. దగ్గరికొచ్చాక ఏది తాజాదో రంగే చెబుతుంది. పాత పువ్వు మీద పెట్టిన ఖర్చుకు ఇదీ లెక్క.

రాత్రి అతిథుల్లో మొనగాళ్లు హాక్‌మాత్‌లు. తేనెపిట్టలా గాలిలో ఒకేచోట నిలబడి, చుట్టచుట్టి దాచుకున్న నాలుకను సాచి తాగుతాయి. మీరు వాటిని చూడలేదనుకుంటారు, వాటి పిల్లల్ని చూసే ఉంటారు. గన్నేరు, నందివర్ధనం ఆకులు కొరికేస్తూ వేలంత లావున పచ్చగా, ముందు రెండు నీలికళ్ల లాంటి మచ్చలతో, వెనక చిన్న కొమ్ముతో కనబడే గొంగళిపురుగు ఒక హాక్‌మాత్ బిడ్డ. అది కుట్టదు, విషం చిమ్మదు. మన ఇళ్లలో అది కనబడగానే పురుగుమందు డబ్బా బయటికొస్తుంది. ఆ పురుగు చెట్టు దిగి రాలిన ఆకుల మధ్య ప్యూపా అవుతుంది. ఆ ఆకులను రోజూ ఊడ్చి తగలబెడతాం. తర్వాత రాధామనోహరం దగ్గర చిమ్మటలు లేవంటాం. రసాయన మందు వద్దన్నది ఇందుకే. మా పటేల్‌గూడ అమీన్‌పూర్ చెరువుకు దగ్గరి ఊరు. 2016లో మనదేశంలో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తింపు పొందిన తొలి నగర చెరువు అది. అక్కడి పక్షుల కోసం కెమెరాలు పట్టుకుని వచ్చేవాళ్లను చూస్తే సంతోషమే. చెరువు గట్టున చీకటి పడ్డాక ఎగిరేవాటికి మాత్రం ఎవరూ రారు.

హాక్‌మాత్‌ను పువ్వు దగ్గరికి లాక్కొచ్చేది ముందుగా వాసన. ఆ వాసనలో లినాలూల్ జాతి పదార్థాలు ఉంటాయి. ధనియాలు నలిపితే ముక్కుకు తగిలే వాసనలో ప్రధానమైనది లినాలూల్. ఇవి గాలిలో తేలికగా కలుస్తాయి, అంతే తేలికగా ఇతర రసాయనాల వాతపడతాయి. వాహనాల పొగ నుంచి, బాయిలర్ల నుంచి, జనరేటర్ల నుంచి నైట్రోజన్ డయాక్సైడు వస్తుంది. అది గాలిలోని ఓజోన్‌తో కలిస్తే నైట్రేట్ రాడికల్ పుడుతుంది. పగలు ఎండ తగిలిన క్షణాల్లో ఇది విరిగిపోతుంది. రాత్రి విరిచేవాళ్లు లేక పోగవుతుంది. సరిగ్గా రాత్రి పువ్వు వాసన విడిచే వేళకు గాలిలో వాసనను తినేది సిద్ధంగా ఉంటుంది. 2024లో 'సైన్స్' పత్రికలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాళ్ల పరిశోధన వచ్చింది. అక్కడి ఎడారి నేలల్లో రాత్రి పూసే ఒక తెల్లపువ్వు వాసనను నైట్రేట్ రాడికల్‌తో చెడగొట్టి చూస్తే, హాక్‌మాత్‌ల రాక 70 శాతం తగ్గిపోయింది. పువ్వు అలాగే ఉంది, తేనె అలాగే ఉంది. చిరునామా చెరిగిపోయింది.

నా ఇంటి చుట్టూ చూసుకుంటే ఆ రసాయనానికి కావలసిన దినుసులు కొరత లేకుండా ఉన్నాయి. ఒకవైపు ఔటర్ రింగ్ రోడ్డు, ఇంకోవైపు ముంబై హైవే, మధ్యలో పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామికవాడలు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో తీవ్రంగా కలుషితమైన 43 పారిశ్రామిక ప్రాంతాల పేర్లు ప్రకటించినప్పుడు పటాన్‌చెరు–బొల్లారం అందులో ఉంది. పరిశ్రమల వ్యర్థాలు కలిసిన నక్కవాగు నీళ్ల కథ ఇక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. గాలి కథకు అంత ప్రచారం లేదు. అర్ధరాత్రి దాటాక ఏ దిక్కు నుంచో ఘాటు వాసన కమ్ముకుని, కిటికీలు మూసుకుని పడుకున్న రాత్రులు మా కాలనీలో అందరికీ గుర్తే. కిటికీ మూసుకునే వీలు మనకుంది. మనిషి ముక్కుకే గొంతు పట్టేసే గాలిలో, వందల మీటర్ల దూరం నుంచి ఒక సన్నని వాసన పోగు పట్టుకుని రావలసిన ప్రాణిని తలుచుకుంటే నాకు దిగులేస్తుంది.

వెలుగు ఇంకో గోడ. స్విట్జర్లాండ్ పచ్చికబయళ్లలో దీపాలు పెట్టి చూసిన ప్రయోగం 2017లో 'నేచర్'లో అచ్చయింది. దీపాలున్నచోట రాత్రి కీటకాలు పువ్వుల దగ్గరికి రావడం 62 శాతం తగ్గింది. పగలు వచ్చే కీటకాలు ఆ లోటు తీర్చలేకపోయాయి, పరిశీలించిన మొక్కలో కాయ కట్టడం 13 శాతం తగ్గింది. ఇది చదివాక మా గేటు మీద తెల్లవారులూ వెలిగే ఎల్ఈడీ ఫోకస్ లైటు తీసేశాను. దొంగల భయం అన్నారు ఇంట్లో. మనిషి కదిలితేనే వెలిగే లైటు, పసుపు వెలుగుది, కిందికి మాత్రమే పడేలా పెట్టించాను. తీగ ఉన్నవైపు ఇప్పుడు చీకటి. పొగను, పరిశ్రమలను నేనొక్కణ్ణి ఆపలేను. పది అడుగుల చీకటిని మాత్రం ఇవ్వగలిగాను.

ఇప్పుడు చిత్రమైన సంగతి. పదేళ్లుగా వేల పువ్వులు పూసిన నా తీగ ఒక్క కాయ కాయలేదు. మా వీధిలోని ఏ తీగా కాయలేదు. దీనికి నింద చిమ్మటల మీద వేయబోయి ఆగాను. రాధామనోహరం తన పుప్పొడిని తనే ఒప్పుకోదు. చైనా పరిశోధకులు చేతితో పరాగం అద్ది మరీ చూశారు: సొంత పుప్పొడితో కాయ కట్టదు, వేరే మొక్కది కావాలి. మరి మా వీధి తీగలెక్కడివి? ఒక ఇంటి నుంచి కొమ్మ తెచ్చి ఇంకో ఇంట్లో గుచ్చారు, ఆ ఇంటి నుంచి ఇంకొకరు. గేట్లు ఇరవై అయినా మొక్క ఒక్కటే. ఎంత చిమ్మట వచ్చి ఈ గేటు పుప్పొడి ఆ గేటుకు మోసినా అది సొంత ఇంటి సంబంధమే. 

కాయ కడితే ఐదు అంచులతో, నక్షత్రపు పండు పిందెలా ఉంటుంది. గింజకు ఒక చరిత్ర ఉంది. చైనా వైద్యంలో శతాబ్దాలుగా పిల్లల కడుపులోని ఏలికపాములకు మందు ఈ గింజే. తింటే కొబ్బరిలా ఉంటుందంటారు. మీరు మాత్రం రుచి చూడొద్దు. మోతాదు మించితే ఎక్కిళ్లు, వాంతులు, తలతిరుగుడు తప్పవు. జపాన్ రసాయన శాస్త్రవేత్తలు అందులోని అసలు పదార్థాన్ని వేరుచేసి, తీగ పేరు మీదుగానే క్విస్‌క్వాలిక్ ఆమ్లం అన్నారు. 1974లో షినోజాకి, షిబుయా దాన్ని రొయ్యలకు చుట్టమైన క్రేఫిష్ నరం, కండ కలిసే చోట వేసి చూస్తే, ఆ కణాలు విపరీతంగా ఉత్తేజితమయ్యాయి. కారణం, అది గ్లూటమేట్ అనే అణువును అనుకరిస్తుంది. మన మెదడులో ఒక నాడీకణం ఇంకోదాన్ని లేపడానికి ఎక్కువగా వాడే సందేశం గ్లూటమేటే. ఆ సందేశాన్ని అందుకునే తలుపుల్లో ఒక రకం ఈ తీగ గింజలోని తాళంచెవికి తెరుచుకుంటుందని తేలాక, వాటికి కొంతకాలం క్విస్‌క్వాలేట్ గ్రాహకాలు అనే పేరుండేది. తర్వాత ఆంపా అనే కృత్రిమ అణువు ఇంకా కచ్చితంగా ఆ తలుపును మాత్రమే తెరుస్తుందని కనుగొన్నారు. పేరు ఆంపా గ్రాహకాలుగా మారింది. నేర్చుకున్నది గుర్తుండటానికి నాడీకణాల మధ్య ఈ గ్రాహకాల సంఖ్య పెరగడం ఒక ముఖ్య కారణమని ఇప్పుడు పాఠ్యపుస్తకాల్లో ఉంది. పాప దారం కట్టి మూడు రోజులు చూసిన విషయం ఆమెకు గుర్తుండిపోయిందంటే, ఆ పని చేసిన తలుపులకు ఒకప్పటి పేరు ఈ తీగదే.

కిందటి ఏడు వానాకాలం జహీరాబాద్ వైపు చుట్టాలింటికి వెళ్లినప్పుడు, వాళ్ల పాత బావి దగ్గర రాధామనోహరం చూశాను. మొదలు నా పిడికిలి కంటే లావు. రెండు మూడు ఎండుకాయలు వేలాడుతున్నాయి. అంటే అక్కడెక్కడో దానికి వేరే వంశపు జోడు ఉండాలి. వాళ్లనడిగి ఐదు కొమ్మలు తడిగుడ్డలో చుట్టి తెచ్చాను. మూడు బతికాయి. ఒకటి నా తీగకు ఎదురుగా, వీధికి అవతల పాపవాళ్ల గోడ వెంట నాటాం. వాళ్లమ్మ నాటేముందే నన్ను అడిగింది: "అన్నా, ఇది కరెంటు వైర్ల మీదికి పోదు కద?" పోకుండా నేను చూస్తానన్నాను.

ఈ ఏడు అది పొద దశ దాటి మొదటి పొడుగు రెమ్మ విసిరింది. రెండు గుత్తులు మొగ్గ తొడిగాయి. దోమతెర గుడ్డ కోసి పాప, నేను సంచులు కుట్టాం. పొద్దున వెలుగు రాకముందే నా తీగ మీద నాలుగు గుత్తులకు ఆ సంచులు తొడుగుతున్నాం, చీకటి పడ్డాక తీసేస్తున్నాం. పగటి తేనెటీగలకు అవి అందవు. ఇంకో నాలుగు గుత్తులకు దీనికి తిరగేసి, పగలు తెరిచి రాత్రి మూస్తున్నాం. రాత్రి గుత్తులకు తెల్లదారం, పగటివాటికి నల్లదారం. పువ్వు రాలాక గొట్టం అడుగున ఉన్న ఆ చిన్న ఉబ్బు కూడా రాలిపోతుందా, ఉండి ఐదు అంచులు తేలుతుందా అని పాప రోజూ ఒక నోటుపుస్తకంలో రాస్తోంది. నిన్నటికి పదకొండు రోజులు. తెల్లదారం కట్టిన రెండో గుత్తిలో ఒకటి ఇంకా రాలలేదు.